కూలి మనిషికి కౌలు చేను, బడి పిల్లలకు ఆ చేని కూర

గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల కలెక్టర్లకు, రైతు సాధికార సంస్థ బాధ్యులకు, దేవాదాయ శాఖ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మన రెండు జిల్లాల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో, సంక్షేమ హాస్టళ్లలో, అన్న క్యాంటీన్లలో ప్రభుత్వ ఖర్చుతో రోజూ వంట జరుగుతోంది. ఆ వంటకు కావలసిన కూరగాయల్లో, ఆకుకూరల్లో, పప్పుల్లో నికరంగా ఇంత వాటా అని తేల్చి, దాన్ని సొంత భూమి లేని వ్యవసాయ కూలీ మహిళల బృందాల దగ్గర కొనండి. పండించుకోవడానికి వాళ్లకు దేవాదాయ భూమినో, ప్రభుత్వ భూమినో చిన్న ముక్కలుగా, ఐదేళ్లకు తగ్గకుండా కౌలుకివ్వండి. మందులు లేకుండా పండించే పద్ధతి రైతు సాధికార సంస్థ దగ్గరుండి నేర్పాలి. భూమి ఒక శాఖ దగ్గరుంది, విద్య ఒక సంస్థ దగ్గరుంది, కొనే డబ్బు జిల్లా యంత్రాంగం దగ్గరుంది. ఈ ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలని ఈ ఉత్తరం.

నేను కూలీ ఇంటి పిల్లని. మా అమ్మ తెనాలి వైపు మాగాణుల్లో నాట్లకు, కలుపుకు, కోతలకు, సంక్రాంతి దాటాక మినప పీకుడుకు వెళ్లేది. ఇప్పుడు గుంటూరులో ఉంటూ ఆ పక్క ఊళ్ల పొదుపు సంఘాల మహిళలతో కలిసి పని చేస్తున్నాను. వాళ్ల దగ్గర విన్నదీ, మా ఇంట్లో చూసిందీ, చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ముందు తిండి సంగతి. కలుపుకు వెళ్లిన ఆడవాళ్లు అప్పట్లో ఉత్త చేతులతో ఇంటికి రాలేదు. పీకిన కలుపులోనే కూర ఉండేది. పొన్నగంటి, గంగపాయల, చెంచలి, గలిజేరు, కొయ్య తోటకూర కొంగున మూటగట్టుకొచ్చి, పప్పులో వేసో, పచ్చిమిర్చితో వేయించో పొయ్యి దించేవాళ్లు. గట్ల మీద గోంగూర ఉండేది. కాలువ కట్టేశాక మడుగుల్లో మట్టగిడసలు, పీతలు, నత్తలు దొరికేవి. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకునే పరిగె ఉండేది. దాన్ని ఎవరూ హక్కు అని కాగితం మీద రాయలేదు గానీ, పరిగె ఏరుకునే ముసలమ్మను చేలోంచి వెళ్లగొట్టిన రైతును ఊరు మెచ్చేది కాదు. కూలి కూడా చాలావరకు గింజల్లోనే కొలిచేవాళ్లు. తక్కువే కొలిచేవాళ్లు, కొలతలో మోసమూ ఉండేది. ఆ రోజులు బంగారు రోజులని నేననడం లేదు. పాలేరుగా కుదిరిన మనిషి తెల్లవారుజామున దొడ్లో పేడ ఎత్తడంతో మొదలుపెట్టి రాత్రి పశువులకు మేత వేసేదాకా మనిషిగా లెక్కలో లేని రోజులవి. కూలీ ఇంటి పళ్లెంలో మాత్రం అన్నం పక్కన పచ్చనిది ఏదో ఒకటి ఉండేది, దానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు. ఎకరానికి పదిమంది ఆడవాళ్లు రోజంతా చేసే పని ఒక మనిషి వీపున ట్యాంకు కట్టుకుని పూటలో ముగిస్తున్నాడు. కూలీకి పోయింది కూలి డబ్బు ఒక్కటే అనుకుంటున్నారు. కూర కూడా పోయింది. పొన్నగంటి మొలవదు, మొలిచినా తినడానికి భయం. పురుగుమందుల నీళ్లు మడుగుల్లోకి దిగి చేపలు, నత్తలు తగ్గిపోయాయి. కోత మిషన్ వచ్చాక పరిగె అన్న మాటే పిల్లలకు తెలియదు. ఇంతా పోయాక ఆ ఇల్లు కూరగాయల కోసం సంతకు వెళ్లాలి, వంకాయ కిలో ఎంతో అడిగి, పావుకిలో తూయించుకుని రావాలి. కూరగాయలు పండే చేలల్లో రోజంతా వంగి పనిచేసే మనిషి కూరగాయ కొనలేకపోవడం ఎంత అన్యాయమో మీకు వివరించి చెప్పనక్కర్లేదు.

బియ్యం ఉన్నాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు కూలీ వాడల్లో ఎంత ఊరట కలిగిందో మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోలు హక్కు చేసింది. 2023 నుంచి అవి ఉచితం. దీన్ని తక్కువ చేసి మాట్లాడే వాళ్లతో నేను కలవను, ఆకలి చావులు లేకుండా చేసింది ఆ బియ్యమే. అయితే కడుపు నిండడం వేరు, ఒంట్లో రక్తం ఉండడం వేరు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. రాష్ట్రానికంతటికీ అన్నపూర్ణ అనిపించుకున్న డెల్టా మనది. మాత్రలు పంచుతున్నారు, మంచిదే. మాత్రతో పాటు పళ్లెంలోకి తోటకూర, మునగాకు, పప్పు, గుడ్డు రావాలి. బడి భోజనం, అంగన్‌వాడీ భోజనం అందుకే ఉన్నాయి. వాటి మీద పెట్టే ప్రతి రూపాయీ పిల్లల నోటి దాకా వెళుతూ, దారిలో కూలీ ఇంటి గుమ్మం తొక్కి వెళ్లాలని నా కోరిక.

కూలీకి ఎందుకు, చిన్న రైతు దగ్గర కొంటే చాలదా అని మీరు అడగవచ్చు. చిన్న రైతు దగ్గరా కొనండి. కానీ ఈ నేల చరిత్రలో ఎప్పుడు మంచి జరిగినా పంపకం దగ్గరికొచ్చేసరికి కూలీ పేరు జాబితాలో లేదు. అది గుర్తు చేయాలి.

1832-33 నందన నామ సంవత్సరపు కరువులో గుంటూరు జిల్లా 5 లక్షల జనంలో లక్షన్నర మంది చనిపోయారని నాటి ప్రభుత్వ పత్రాలే రాసుకున్నాయి. ముందు పోయింది గాదెలో గింజ లేని వాళ్లని ఊహించడానికి పత్రాలు అక్కర్లేదు. ఆ కరువు చూశాకే కృష్ణకు ఆనకట్ట కావాలన్న మాట గట్టిపడింది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855కల్లా పూర్తయింది. కాలువలు పారాయి, మెట్ట మాగాణి అయింది, భూమికి ధర వచ్చింది. మట్టి తట్టలు మోసి ఆ కాలువలు తవ్విన వాళ్లకు నీరు పారే సెంటు భూమి దక్కలేదు. వాళ్ల మనవలు ఆ మాగాణుల్లోనే పాలేర్లయ్యారు.

రైతు ఉద్యమానికి మన జిల్లాలు పుట్టిల్లు. ఎన్.జి. రంగా గారు నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర సాగింది. 1944లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ బెజవాడలోనే జరిగింది. జమీందారీలు పోవాలి, శిస్తు తగ్గాలి, అప్పులు మాఫీ కావాలి అన్నారు, చాలావరకు సాధించారు. కూలీకి వేరే సంఘం కావాలని ముందే గుర్తించిన వాళ్లూ ఉన్నారు. పుచ్చలపల్లి సుందరయ్య గారు నెల్లూరు జిల్లాలోని తన సొంత ఊరు అలగానిపాడులో వ్యవసాయ కూలీల సంఘం పెట్టి, పెద్ద రైతుల ఇంట పుట్టి కూడా కూలి పెంచమని కూలీల తరఫున నిలబడ్డారు. మన ఊళ్లలో రైతు నాయకుల విగ్రహాలు కనిపిస్తాయి. నాట్ల కూలి పెంచమని గట్టు మీద కూర్చున్న ఆడవాళ్ల పేర్లు ఏ బడి పాఠంలోనూ లేవు.

1991 ఆగస్టు 6న తెనాలి దగ్గరి చుండూరు ఊళ్లో జరిగినదాని గురించి రాయకుండా గుంటూరు కూలీ చరిత్ర రాయలేం. ఎనిమిది మంది దళితులను చంపారు. అంతకు ముందు జరిగింది సాంఘిక బహిష్కరణ, అంటే అక్కడి దళితవాడ వాళ్లను ఊళ్లోని పొలం పనులకు పిలవకుండా చేయడం. పని ఆపితే పళ్లెం ఖాళీ అవుతుందని తెలిసి చేసిన పని అది. బతికినవాళ్లు తెనాలి వచ్చి తలదాచుకున్నారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. న్యాయస్థానం సంగతి ఇక్కడ చర్చించబోవడం లేదు. ఒక్క విషయం మాత్రం అడుగుతున్నాను. ఇంకొకరు పనికి పిలిస్తేనే పొయ్యి వెలిగే మనిషికి ఆత్మగౌరవం నిలుపుకోవడం ఎంత కష్టమో ఆ ఊరు చూపించింది. అరెకరం కౌలు చేను చేతిలో ఉన్న ఆడమనిషి కూలి రేటు దగ్గర గొంతు విప్పగలదు. అందుకే నేను కూలి పెంచమని మాత్రమే అడిగి ఊరుకోవడం లేదు, భూమి దగ్గరికి వస్తున్నాను.

భూమి ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. కృష్ణ లంకల్లో ప్రభుత్వ భూమిని వ్యవసాయ కూలీల సహకార సంఘాలు కౌలుకు తీసుకుని సాగు చేసిన చరిత్ర మన దగ్గరే ఉంది. ఫీల్డ్ లేబర్ సొసైటీలని పెద్దవాళ్లకు ఆ పేరు ఇంకా తెలుసు. వరద తీశాక ఒండ్రు మీద పసుపు, కంద, అరటి, కూరగాయలు పండించారు. 1973 భూపరిమితి చట్టం మీద పెట్టుకున్న ఆశ చాలావరకు కాగితాల్లోనే ఆగింది. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల్లో 30 వేల ఎకరాలకు పైగా సమీకరించినప్పుడు భూమి ఇచ్చినవాళ్లకు ప్లాట్లు, ఏటా కౌలు వచ్చాయి. ఉండవల్లి, పెనుమాక వైపు కూరగాయల తోటల్లో, పూల తోటల్లో పనిచేసిన భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. తరువాత పెంచారు. పింఛను వస్తే మందులకు, సరుకులకు ఆసరా అవుతుంది. చేతిలో ఉన్న పని, ఆ పనితో వచ్చిన తోట విద్య మాత్రం నిలబెట్టుకునే చోటు లేకుండా పోయింది.

ఇప్పుడు కౌలు సంగతి. మన జిల్లాల్లో నిజంగా సాగు చేసేవాళ్లలో కౌలుదారులు ఎంత మందో మీ వ్యవసాయ సహాయకులను అడిగితే చెబుతారు. వాళ్లలో చాలామంది నిన్నటి కూలీలే. 2011 చట్టం రుణ అర్హత కార్డులు ఇచ్చింది. 2019 చట్టం పంట సాగు హక్కు పత్రం ఇచ్చింది, పదకొండు నెలలకు, భూయజమాని సంతకం ఉంటేనే. ఆ సంతకం దగ్గరే ఆగిపోతోంది కథంతా. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. సంతకం అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడేమోనని కౌలుదారు భయం. ఆ పత్రం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం వస్తుందన్న నమ్మకం లేదు. 2021-22లో మిరప మీద నల్ల తామర పురుగు పడి పూత పూతగానే రాలిపోయినప్పుడు, 2025 ఆరంభంలో ధర పడిపోయి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టి జోక్యం చేసుకోవలసి వచ్చినప్పుడు, ముందు కూలింది కౌలు ముందే కట్టేసిన వాళ్లు. ఆ అప్పు తీరక మళ్లీ కూలీగా మారిన కుటుంబాలు నాకు తెలిసిన ఊళ్లలోనే ఉన్నాయి.

ఇదే గుంటూరు మిరప పేరు చెప్పుకుని బతికే ఇంకో రెండు రకాల మనుషుల గురించి కూడా ఒక మాట. కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి పిల్లాపాపలతో సుగ్గికి, అంటే పంట పనుల వలసకు వచ్చి చేల పక్కన టార్పాలిన్ కింద నెలల తరబడి ఉండే కుటుంబాలు ఒకరు. గోదాముల దగ్గర ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకుని, తొడిమలు తీస్తూ, తాలుకాయ ఏరుతూ కూర్చునే ఆడవాళ్లు ఇంకొకరు. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం చేసుకున్న దేశంలో, మగ కూలి ఒకటి ఆడ కూలి ఒకటిగానే నడుస్తోంది. మీరు పెట్టబోయే ఏ పథకంలోనైనా ఈ వలస కుటుంబాల పిల్లలకు చేను దగ్గరి బడిలో భోజనం దొరికేలా చూడండి. పేరు ఎక్కడ నమోదై ఉందన్న ప్రశ్న పళ్లెం పెట్టాక అడగవచ్చు.

రైతు సాధికార సంస్థకు ప్రత్యేకంగా చెప్పుకోవలసినది ఉంది. మీ కార్యాలయం గుంటూరులోనే ఉండడం మాకు గర్వం. 2004-05 నుంచే మహిళా సమాఖ్యల ద్వారా పురుగుమందులు లేని సాగు మన రాష్ట్రంలో ఊరూరా వెళ్లింది. ఆ పునాది మీద 2016లో మీ ప్రకృతి సాగు కార్యక్రమం మొదలైంది. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం పంచుకున్నారు. 1980ల చివర పత్తి మీద తెల్లదోమ పడి రైతులు పురుగుమందే తాగి చనిపోయిన ఈ ప్రాంతానికి మీ పని ఎంత విలువైనదో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

ఆ పని ఎవరి చేతుల మీద జరుగుతోందో ఒకసారి చూడండి. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం అనే ద్రవ ఎరువు కావాలంటే పది కిలోల పేడ ఎత్తాలి, మూత్రం పట్టాలి, బెల్లం, పప్పుల పిండి, గట్టు మట్టి కలపాలి, పూటపూటకూ తిప్పాలి. వేపాకు రుబ్బాలి, కషాయం కాయాలి, వడకట్టాలి, చేలోకి మోయాలి. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లాలి. కలుపు చేత్తో తీయాలి, నేల మీద ఆచ్ఛాదనగా గడ్డీగాదం పరచాలి. మందు డబ్బా స్థానంలోకి వచ్చింది మనిషి శ్రమ, అందులోనూ ఎక్కువ ఆడమనిషి శ్రమ. దీన్ని నేను తప్పుపట్టడం లేదు, మంచిదే, పని పెరిగితే కూలీకి బతుకు. కానీ ఆ శ్రమ ఫలం ఎక్కడ దాచుకుంటుంది? మట్టిలో. మొదటి ఏడు కన్నా మూడో ఏడు నేల గుల్లబారుతుంది, వానపాములు వస్తాయి, నీరు పట్టుకుంటుంది, పెట్టుబడి తగ్గుతుంది. మట్టి ఎవరిదైతే లాభం వాళ్లది. ఏటా కౌలు మారే మనిషికి ఎవరు చెప్పినా ప్రకృతి సాగు ఎక్కదు, ఎక్కకపోవడం వాళ్ల తెలివితక్కువ కాదు. తాను బాగుచేసిన నేల వచ్చే ఏడు ఎవరి చేతికో వెళుతుందని తెలిసిన మనిషి యూరియా బస్తాకే వెళ్తాడు. ఈ ఏడు పంట ఈ ఏడే తీసుకోవాలి కదా.

అందుకే దేవాదాయ శాఖ వారికి నా విన్నపం ఇక్కడే మొదలవుతుంది. దేవుడి మాన్యాలను వేలం వేసి, ఎక్కువ పాడిన వాళ్లకు కొద్దికాలానికి కౌలుకిస్తున్నారు. ఆలయానికి రాబడి రావాలి, కాదనను. దీపధూప నైవేద్యాలు జరగాలి, అర్చకులకు జీతం అందాలి. కానీ కొద్దికాలపు వేలంపాట నేలను పీల్చేస్తుంది. పాట ఎక్కువ పెట్టినవాడు పెట్టుబడి రాబట్టుకోవడానికి మందు ఎక్కువ కొడతాడు, చెట్టు నాటడు, గట్టు వేయడు. మరో సంగతి, పాట పాడే చోటికి ధరావతు డబ్బుతో రాగల స్తోమత కూలీ ఆడవాళ్లకు లేదు. 1987 దేవాదాయ చట్టం 82వ సెక్షన్‌లోనే భూమిలేని పేద కౌలుదారుకు వేరే గుర్తింపు ఉంది. రెండున్నర ఎకరాల మాగాణి, లేదా ఐదెకరాల మెట్టకు మించని వాళ్లని హద్దు కూడా గీశారు. ఆ స్ఫూర్తితో, ఊళ్ల దగ్గర నీటి వసతి ఉన్న మాన్యాల్లో కొంత భాగాన్ని న్యాయమైన స్థిర కౌలుకు, ఐదేళ్ల కాలానికి మహిళా బృందాలకు కేటాయించే దారి చూడండి. నిబంధన మార్చవలసి వస్తే ప్రభుత్వానికి ప్రతిపాదన రాయండి. పంటను బడులే కొంటాయన్న ఒప్పందం ముందే ఉంటే కౌలు బకాయి పడే భయం ఆలయానికీ ఉండదు. కొన్న డబ్బులోంచే కౌలు భాగం ఆలయం ఖాతాకు నేరుగా వెళ్లే ఏర్పాటు చేయవచ్చు.

ఇలాంటివి జరిగే పనేనా అనే సందేహం తీర్చడానికి దూరం వెళ్లనక్కర్లేదు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పాస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళా సంఘాలు బీడు, కౌలు భూముల్లో కలిసి జొన్న, కొర్ర, పప్పులు పండించి, తమ ఊళ్ల పేదలకు తామే జొన్నలు పంచే ప్రత్యామ్నాయ చౌకధరల వ్యవస్థను నడిపారు. విత్తనం కూడా వాళ్ల చేతుల్లోనే ఉంది. కేరళలో కుటుంబశ్రీ మహిళలు బృందాలుగా భూమి కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు. కొనుగోలు వైపు చూస్తే, బ్రెజిల్ 2009లో చట్టం చేసి, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న కుటుంబ వ్యవసాయదారుల దగ్గరే కొనాలని నిర్బంధం పెట్టింది. అందులో భూసంస్కరణల్లో స్థిరపడిన వాళ్లకు, ఆదివాసులకు ముందు వరస ఇచ్చింది. అక్కడ చట్టం చేయగలిగినప్పుడు, ఊరికో సంఘం, మండలానికో సమాఖ్య ఉన్న మనకు కష్టమేముంది?

సరకు ఏ రకంగా నడుస్తుందో కూడా చెబుతాను, ఎందుకంటే మంచి ఆలోచనలు చాలావరకు అమలు దగ్గరే చెడతాయి. బడికి రోజూ ఒకే రకం కూర అక్కర్లేదు. వారం మెనూ ముందే తెలుసు. అరెకరం చేనులో బెండ, వంగ, గోరుచిక్కుడు, దోస, పందిరి మీద బీర, సొర, గట్ల మీద కంది, మునగ, కరివేపాకు, మధ్యలో విడతలుగా తోటకూర, గోంగూర, పాలకూర వేస్తే ఏడాదంతా ఏదో ఒకటి కోతకు వస్తుంది. రైతు సాధికార సంస్థ కార్యక్రమంలో 20 సెంట్ల ఏటీఎం (ఎనీ టైమ్ మనీ, అంటే ఎప్పుడూ ఏదో ఒక రాబడి ఇచ్చే) తోటలు ఇదే పద్ధతి. పొద్దున ఆరింటికి కోసిన ఆకు ఎనిమిదింటికి బడి పొయ్యి దగ్గరుంటుంది. దుగ్గిరాల, కొల్లిపర, తాడేపల్లి వైపు ఊళ్ల నుంచి గుంటూరు, విజయవాడ బడులకు, ఇబ్రహీంపట్నం, జి.కొండూరు వైపు నుంచి నగరానికి ఆటో దూరం. ఇప్పుడు చాలాచోట్ల వంట చేసే అమ్మలే అంగట్లో అరువు పెట్టి కూరగాయలు తెస్తున్నారు. బిల్లు ఆలస్యమైన నెలలో ఆ అరువు వాళ్ల మెడకే చుట్టుకుంటుంది, కూర నీళ్లగా మారుతుంది. కాబట్టి ఒకటే గట్టి షరతు. సరకు అందిన 15 రోజుల్లో డబ్బు బృందం ఖాతాలో పడాలి. ఇది నిలబడకపోతే మొదలే పెట్టకండి. కూలీ ఇల్లు అరువు మోయలేదు. రెండు బిల్లులు ఆగితే ఆ ఆడవాళ్లు మళ్లీ కూలికి వెళ్లిపోతారు, చేను బీడు పడుతుంది, అప్పుడు వాళ్లకు సాగు చేతకాదని అంటారు.

1999లో రైతు బజార్లు పెట్టినప్పుడు దళారీ లేకుండా అమ్ముకునే చోటు వచ్చింది. బడుల అవసరం పోను మిగిలిన సరకుకు రైతు బజార్లలో ఈ బృందాలకు ఒక అరుగు, అమ్ముకునే గుర్తింపు కార్డు ఇవ్వండి. సొంత పట్టా చూపించమని అడగకుండా, కౌలు కేటాయింపు కాగితం చాలనండి.

రైతుల వైపు నుంచి వచ్చే ఒక అభ్యంతరం నిజమైనది, దాన్ని పక్కకు నెట్టను. ఇప్పటికే కూలీలు దొరకడం లేదు, వీళ్లు సొంతంగా సాగు మొదలెడితే మా పంటలు ఎవరు కోస్తారు అంటారు. ముప్పై సెంట్లో, అరెకరమో చేసుకునే మనిషి ఏడాదంతా కూలి మానదు, మానలేదు. నాట్లకు, మిరప కోతలకు వస్తుంది. కాకపోతే మరీ తక్కువ కూలికి రాదు. చిన్న రైతుకు కూలి భారమైన మాట నిజం. ఆ భారం తీరవలసింది పంటకు గిట్టుబాటు ధర ద్వారా, ఉపాధి పథకాన్ని చిన్న కమతాల పనులకు కలపడం ద్వారా. ఇంకొకరి పళ్లెం ఖాళీగా ఉంచి తీర్చుకునే దారి రైతుకూ గౌరవం కాదు. మా ఊళ్లో రైతులు చాలామంది ఈ మాట ఒప్పుకుంటారు, వాళ్లతో కలిసే ఈ పని చేయాలి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పాలు, కూరగాయలు పడవల్లో అందించాల్సి వచ్చింది. అదే వరద లంకల్లో అరటి, పసుపు, కంద తోటలను ముంచింది, మునిగిన వాటిలో కౌలు చేలు ఎన్నో. నగరం తినే తిండి నగరం చుట్టుపక్కల, ఒక్క చోట కాకుండా చాలా చోట్ల, చాలామంది చేతుల్లో పండాలని ఆ వారం అందరికీ తెలిసొచ్చింది. ఈ చిన్న చేలు ఎంచేటప్పుడు కొన్ని లంకల్లో, కొన్ని మెట్టన ఉండేలా చూడండి. కౌలు కాగితంలో సాగుదారు పేరు రాసి, పంట నష్టం వస్తే పరిహారం ఆ పేరు మీదే ఇవ్వండి.

రెండు జిల్లాల్లో ఒక్కో మండలంతో మొదలుపెట్టండి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేసరికి మొదటి కోత అందాలంటే ఏప్రిల్ నాటికి భూమి చేతికి రావాలి. నవధాన్యాలు చల్లి, కలియదున్ని, పందిళ్లు వేసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. భూమి గుర్తించడానికి తహశీల్దారు, దేవాదాయ ఇన్‌స్పెక్టరు, రైతు సాధికార సంస్థ నుంచి ఒకరు, గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరు కూలీ మహిళలు కలిసి తిరగాలి. ఏ నేలకు నీరు అందుతుందో, ఏది చౌడో, ఏ గట్టు మీద ఎవరి తగాదా ఉందో ఆ ఇద్దరికీ తెలిసినంత మరెవరికీ తెలియదు.

దీని గురించి మాట్లాడడానికి పిలిస్తే వస్తాం. ఒక్క మనవి. సమావేశం కలెక్టరేట్‌లో పొద్దున పదకొండింటికి పెట్టకండి. పొద్దున ఏడింటికి పొలంలో దిగే మనుషులకు అది ఒక రోజు కూలి. ఊళ్లోనే, సాయంత్రం నాలుగు దాటాక, బడి వరండాలో పెట్టండి. వంట చేసే అమ్మలను, హెడ్మాస్టరు గారిని, నలుగురు చిన్న రైతులను కూడా పిలవండి. మేం విత్తనాల జాబితా, ఏ నెలలో ఏ కూర ఎంత అవసరమో బడివారీగా లెక్క రాసుకుని వస్తాం. మీరు భూముల జాబితా తీసుకురండి.

భవదీయురాలు,
ఒక వ్యవసాయ కూలీ కుటుంబపు కూతురు,
గుంటూరు